సెల్ఫ్ తిరుగుతుంది, ప్లగ్గులో కరెంటు రాదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాను. 2014లో కొన్న 125 సీసీ బండి ఉంది. కార్బురేటరుది, సెల్ఫ్ కూడా ఉంది. మొన్నటి వానలకు నాలుగు రోజులు గుంట గట్టు మీదే తడుస్తూ ఉండిపోయింది. అప్పటి నుంచి సెల్ఫ్ నొక్కితే ఇంజను జోరుగా తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు. మెకానిక్ చూసి ప్లగ్గులో కరెంటు రావడం లేదన్నాడు. కొత్త ప్లగ్గు వేశాడు, కాలేదు. సీడీఐ (ప్లగ్గుకు నిప్పు వేయించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చాడు, కాలేదు. ఇప్పుడు మేగ్నెట్ కాయిలు పోయింది, మూడు వేలు అవుతుంది అంటున్నాడు. వేయించమంటారా?

సమాధానం: ఇప్పుడే వేయించవద్దు. మీ మెకానిక్ చెప్పినది అబద్ధమని నేను అనడం లేదు. ఆ మాటను ఆయన దేనితో కొలిచి చెప్పారో మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు, నా అభ్యంతరం అంతవరకే. ప్లగ్గు మార్చి, అది కాకపోతే సీడీఐ మార్చి, అదీ కాకపోతే మేగ్నెట్ కాయిలు మార్చి చూడడమంటే, జ్వరం ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా మందుల షాపులో ఉన్న మాత్రలన్నీ వరసగా మింగి చూడడం వంటిది. చివరికి ఏదో ఒకటి పని చేయవచ్చు, కానీ అప్పటికి డబ్బూ పోతుంది, అసలు రోగమేమిటో తెలియకుండానే ఉంటుంది.

ముందుగా ‘మేగ్నెట్ కాయిలు’ అన్న మాట దగ్గర ఆగుదాం, ఎందుకంటే మీ మూడు వేల రూపాయలు ఆ మాట మీదే ఆధారపడి ఉన్నాయి. ఇంజను ఎడమ పక్క మూత కింద, మేగ్నెట్ దగ్గర ఉండే చుట్టలు ఒక్క పని చేసేవి కావు. బ్యాటరీని చార్జి చేయడానికీ లైట్లకూ కరెంటు పుట్టించే పెద్ద చుట్టలు వేరు. పిస్టను ఏ స్థానంలో ఉందో కనిపెట్టి ‘ఇప్పుడు నిప్పు వేయి’ అని సీడీఐకి కబురు పంపే చిన్న పల్సర్ కాయిలు వేరు. ఇక సీడీఐలు కూడా రెండు రకాలు. ఒక రకం బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు తీసుకుంటుంది. దానిని డీసీ రకం అంటారు. రెండో రకం బ్యాటరీతో నిమిత్తం లేకుండా మేగ్నెట్ దగ్గరే ప్రత్యేకంగా ఉండే ఒక చుట్ట నుంచి తీసుకుంటుంది. అది ఏసీ రకం. మీ బండి కాలపు సెల్ఫ్ బండ్లలో చాలావాటికి డీసీ రకమే ఉంటుంది. అటువంటి బండిలో చార్జింగు చుట్టలు పూర్తిగా కాలిపోయినా బ్యాటరీలో బలం ఉన్నంతసేపూ ప్లగ్గులో నిప్పు వస్తూనే ఉంటుంది. మీ సెల్ఫ్ జోరుగా తిరుగుతోందంటే బ్యాటరీలో బలం ఉన్నట్టే. అందువల్ల మీ మెకానిక్‌ను మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘అన్నా, పోయింది చార్జింగు చుట్టా, పల్సరా? కొలిస్తే ఎంత వచ్చింది?’ ఆయన అంకె చెబితే మాట వినండి. చెప్పలేకపోతే, కింద రాసినవి చూసే వరకు ఆగమనండి.

చూడడానికి కావలసిన పనిముట్లు పెద్దవేమీ కావు. ప్లగ్గు పానా, ఒక కటింగ్ ప్లేయరు, పాత పళ్ల బ్రష్షు, నాలుగైదు వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు ఉంటే చాలు. మీటరు లేకపోయినా, పాత ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు అతికించి పెట్టుకోండి. కొన్ని పరీక్షలకు అది మీటరు కంటే నమ్మకమైనది, ఎందుకో ముందు ముందు చెబుతాను.

మొదట, నిప్పు నిజంగానే రావడం లేదా అన్నది తేల్చుకోవాలి. ఈ పరీక్షను చాలామంది ఎండలో నిలబడి, ప్లగ్గును ఇంజను మీద ఎక్కడో ఒకచోట ఆనించి చేస్తారు. ఇంజను రెక్కల మీద రంగు ఉంటుంది, రంగు మీద ప్లగ్గును ఆనిస్తే ఎర్తు అందదు. ఎర్తు అందకపోతే మంచి బండిలో కూడా నిప్పు కనిపించదు. పైగా ఎండవేళ సన్నని నిప్పు కంటికి ఆనదు. కాబట్టి పాకలోనో, పొద్దు గుంకాకనో చూడండి. ప్లగ్గును విప్పి క్యాపులో గుచ్చి, దాని మరలున్న భాగాన్ని రంగు లేని ఇనుముకు, అంటే ఏదైనా బోల్టు తలకు గట్టిగా ఆనేటట్టు ఒక తీగతో కట్టేయండి. ప్లగ్గు విప్పిన రంధ్రానికి వీలైనంత దూరంగా ఉంచండి, ఎందుకంటే ఇంజను తిరిగినప్పుడు ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి కొడుతుంది, దానికి నిప్పు అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. ప్లగ్గును చేత్తో పట్టుకోవద్దు; అక్కడ పుట్టేది పది ఇరవై వేల వోల్టులు. అలాగే క్యాపును దేనికీ ఆనించకుండా గాలిలో వదిలేసి సెల్ఫ్ కొట్టవద్దు, పోవడానికి దారి దొరకని ఆ వోల్టేజి, దానిని పుట్టించే హెచ్‌టీ కాయిలు లోపలి పొరలనే చీల్చుకుని పోతుంది. నీలి తెలుపు రంగులో, చిటచిటమని చప్పుడుతో వస్తే అది మంచి నిప్పు. నారింజ రంగులో సన్నగా వస్తే నీరసమైనది. అసలేమీ రాకపోతే తరువాతి మెట్టుకు వెళ్లాలి.

విప్పిన ప్లగ్గును ఒకసారి వాసన చూడండి. పెట్రోలుతో తడిగా ఉంటే కార్బురేటరు తన పని తాను చేస్తోందని అర్థం, దాని జోలికి వెళ్లనవసరం లేదు. కొత్త ప్లగ్గు గనుక బాగుంటుందని మాత్రం అనుకోవద్దు. నకిలీ ప్లగ్గులు మన ఊళ్లలో కావలసినన్ని ఉన్నాయి, అసలైనదే అయినా పెట్టెలోంచి జారి కింద పడితే లోపలి పింగాణీ చిట్లుతుంది.

ఇప్పుడు ప్లగ్గు క్యాపు. దీనిని పెరికి లాగకూడదు. లోపల ఒక మర ఉంటుంది, వైరును పట్టుకుని క్యాపును ఎడమ వైపుకు తిప్పుతూ పోతే ఊడి వస్తుంది. ఊడిన చోట రాగి పోగులు చూడండి. మీ ప్రాంతపు బండికి అక్కడ రాగి రంగు కనిపించడం అరుదు, పచ్చని చిలుము కనిపిస్తుంది. నిక్కచ్చిగా అర సెంటీమీటరు వైరు కోసేయండి, కొత్త రాగి బయటపడుతుంది, మళ్లీ క్యాపును బిగించండి. క్యాపును మీటరుతో కొలిస్తే ఈ కొస నుంచి ఆ కొసకు సాధారణంగా 5 వేల ఓముల (కరెంటుకు ఉండే అడ్డును కొలిచే లెక్క) దగ్గర రావాలి. అసలేమీ చూపించకపోతే క్యాపు పోయినట్టే. క్యాపు ధర ఎంతో మీకు తెలుసు, సీడీఐ ధర ఎంతో మీరు ఇప్పటికే తెలుసుకున్నారు. క్యాపు లేకుండా కూడా ఒక పరీక్ష చేయవచ్చు: వైరు చివరను పిడికి రబ్బరు తొడుగు ఉన్న ప్లేయరుతో పట్టుకుని ఇంజను బోల్టుకు ఐదు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. అక్కడ నిప్పు దూకితే దోషం క్యాపుదీ ప్లగ్గుదీ, వెనకాల ఉన్న సామాను అంతా నిర్దోషి.

అక్కడ కూడా రాకపోతే, నా అనుమానం ముందుగా ఎర్తు మీదికి పోతుంది. దీనికి ఒక కారణం నా సొంత అనుభవం. కొన్నేళ్ల కిందట, కావలిలో ఉన్నప్పుడు, ఈశాన్య రుతుపవనాల వానలు కొట్టిన మరునాడు నా బండి ఇదే విధంగా మొరాయించింది. ఒక షెడ్డుకు తోసుకువెళ్లాను. సీడీఐ మార్చారు, రాలేదు. ట్యాంకు విప్పి హెచ్‌టీ కాయిలు మార్చారు, మొదటి కిక్కుకే అందుకుంది. డబ్బు ఇచ్చి సంతోషంగా ఇంటికి వచ్చాను. మూడో రోజు పొద్దున మళ్లీ అదే కథ. ఈసారి సిగ్గుపడి నేనే ట్యాంకు విప్పాను. కాయిలును చట్రానికి బిగించే బోల్టు కిందనే ఎర్తు వైరు తాలూకు ఇత్తడి రింగు ఉంది; ఆ రింగుకూ చట్రానికీ మధ్య పల్చని తుప్పు పొర, గోటితో గీకితే బెల్లం పొడిలా రాలింది. షెడ్డులో కాయిలు మార్చేటప్పుడు బోల్టు విప్పి బిగించడం వల్ల తుప్పు కొంచెం గీసుకుపోయి, రెండు రోజులు పని చేసిందన్నమాట. ఆ రెండు రోజుల ఘనత మేము కొత్త కాయిలుకు కట్టబెట్టాము. నేను ఉప్పు కాగితంతో రింగునూ చట్రాన్నీ మెరిసేదాకా రుద్ది బిగించాను. ఉప్పు గాలి చేసిన పాడును ఉప్పు కాగితమే బాగు చేసింది. తరువాత పాత కాయిలునే తెచ్చి వేసి చూశాను, అది నేటికీ పని చేస్తోంది.

అందువల్ల మీ బండిలో సీడీఐ కప్లరు, అంటే దాని వైర్లను కలిపే ప్లాస్టిక్ బిగింపు, విప్పండి. అది సీటు కిందనో, పక్క మూత లోపలో, ట్యాంకు కిందనో ఉంటుంది; మొన్న మార్చారు గనుక ఎక్కడుందో మీరు చూసే ఉంటారు. కప్లరు విప్పాక, బండి వైపు ఉన్న సగంలోని పిన్నులను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. తాళం ఆన్ చేసి, మీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, నల్ల పిన్నును బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించి, ఎర్ర పిన్నుతో ఒక్కొక్క పిన్నునూ తాకండి. ఏదో ఒక దానిలో 12 వోల్టుల పైచిలుకు వస్తే మీది డీసీ రకం. ఎక్కడా రాకపోతే ఏసీ రకమైనా కావాలి, లేదా తాళం నుంచి వచ్చే దారి ఎక్కడో తెగి ఉండాలి. ఆ సంగతి తరువాత చూద్దాం. ఎర్తు పిన్ను ఏది అన్నది వైరు రంగును బట్టి తెలుస్తుంది. హోండా సంప్రదాయంలో వచ్చిన బండ్లలో అది ఆకుపచ్చ వైరు. ఇతర కంపెనీలకు రంగులు మారతాయి కనుక మీ బండి వైరింగు పటం ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక్కడే మీటరు మనిషిని మోసం చేస్తుంది. వైరులోని ఇరవై పోగులలో పంతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు నిండుగా 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. సీడీఐ అలా కాదు, దానికి బలం కావాలి. ఇండికేటరు బల్బు ఇక్కడ పనికి వస్తుంది. బల్బు ఒక వైరును బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోదాన్ని ఆ 12 వోల్టుల పిన్నుకు ఆనించండి: నిండుగా వెలగాలి. తరువాత ఒక వైరును బ్యాటరీ పాజిటివ్‌కు, రెండోదాన్ని సీడీఐ ఎర్తు పిన్నుకు ఆనించండి: అంతే నిండుగా వెలగాలి. రెండో సారి మినుకు మినుకుమంటే, నేను పైన చెప్పిన కథ మీ బండిలో కూడా జరుగుతోందన్నమాట. బ్యాటరీ నుంచి చట్రానికీ, చట్రం నుంచి ఇంజనుకూ, కాయిలుకూ వెళ్లే ఎర్తు బోల్టులన్నింటినీ విప్పి రుద్దవలసిందే. బల్బు తీగను మాత్రం పల్సర్ వైర్లకు పొరపాటున కూడా తగిలించవద్దు, అవి అంత కరెంటును మోసేవి కావు.

బల్బు రెండు చోట్లా బాగా వెలిగిందనుకుందాం. అప్పుడు సెల్ఫ్ నొక్కుతూ ఆ 12 వోల్టుల పిన్ను దగ్గరే మీటరు చూడండి. సెల్ఫ్ మోటారు కరెంటును గటగటా తాగుతుంది కాబట్టి వోల్టేజి కొంత దిగడం సహజమే, కానీ 9 వోల్టులకు దిగువకు పోతే కొన్ని సీడీఐలు పని చేయడం మానేస్తాయి. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, నిప్పు మాత్రం ఉండదు. దీనికొక గుర్తు ఉంది: సెల్ఫ్ నొక్కినంతసేపూ ప్లగ్గు నిద్రపోతూ, బటను వదిలిన ఆ క్షణంలో ఒక్కసారి చిటుక్కుమంటుంది. అలా జరిగితే బ్యాటరీనీ దాని బిగింపులనూ చూసుకోవాలి. కిక్కు ఉంటే కిక్కు కొట్టి చూడండి, నిప్పు వస్తే కారణం అదే.

తాళం ఆన్ చేసినా ఏ పిన్నులోనూ 12 వోల్టులు రాలేదనుకోండి. ముందు ఫ్యూజు చూడండి, తరువాత హ్యాండిలు మీద ఇంజనును ఆపే ఎర్ర కిల్ స్విచ్ ఉంటే దానిని పది ఇరవైసార్లు అటూ ఇటూ ఆడించండి. కొన్ని బండ్లలో కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సెల్ఫ్ తిరుగుతుంది, అందువల్ల సెల్ఫ్ తిరిగిందని కిల్ స్విచ్‌ను నిర్దోషిగా వదిలేయడానికి లేదు. పిల్లలు బండి మీద ఎక్కి ఆడుకుంటూ ఆ స్విచ్చు నొక్కి పోతే, పెద్దవాళ్లు రెండు రోజులు కార్బురేటరు విప్పుతూ కూర్చున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ తరువాత హ్యాండిలు మెడ. హ్యాండిలు తిప్పిన ప్రతిసారీ అక్కడి వైర్ల కట్ట వంగుతుంది, పదేళ్లు వంగిన రాగి పోగు లోపలే తెగుతుంది, పైన తొడుగు మాత్రం చెక్కు చెదరదు. బల్బును పిన్నుకు ఆనించి ఉంచి ఇంకొకరి చేత హ్యాండిలును ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పించండి. మధ్యలో ఎక్కడైనా బల్బు మిణుకుమంటే దొంగ దొరికినట్టే. మీరు గుంటల దగ్గర పని చేస్తారు గనుక ఎలుకల సంగతి కూడా మరిచిపోవద్దు. మేత బస్తాల కోసం వచ్చిన ఎలుకకు సీటు కింద వెచ్చగా చోటు దొరికితే, అది ఊరికే పడుకోదు, వైర్లు కొరుకుతుంది.

మీది ఏసీ రకమే అయితే లెక్క తిరగబడుతుంది. అందులో తాళం ఆఫ్ చేయడమంటే కరెంటును ఆపడం కాదు, సీడీఐ నుంచి వచ్చే ఒక వైరును ఎర్తుకు కలిపి నిప్పును చంపేయడం. హోండా సంప్రదాయపు బండ్లలో అది నలుపు మీద తెల్ల చార ఉన్న వైరు. తాళంలోకి ఉప్పు నీరు పోయి ఆ వైరు ఎప్పుడూ ఎర్తుకే అంటుకుని ఉంటే, తాళం ఆన్ అయినా సీడీఐకి ఆఫ్ చేసినట్టే ఉంటుంది. ఆ ఒక్క వైరును కప్లరు నుంచి తప్పించి సెల్ఫ్ కొట్టండి. నిప్పు వచ్చిందంటే పోయింది తాళమో కిల్ స్విచ్చో తప్ప మేగ్నెట్ కాయిలు కాదు. ఒక్క జాగ్రత్త: ఆ వైరు తప్పించి ఉన్నప్పుడు ఇంజను స్టార్ట్ అయితే తాళంతో ఆగదు. వైరును మళ్లీ తగిలిస్తే ఆగుతుంది, లేకపోతే గేరు వేసి బ్రేకు పట్టి ఆపాలి.

ఇక పల్సర్ కాయిలు. మీ మెకానిక్ మాట నిజం కావడానికి అవకాశం ఉన్న చోటు ఇదే కాబట్టి దీనిని అశ్రద్ధ చేయకూడదు. తాళం ఆఫ్ చేసి, సీడీఐ కప్లరులో పల్సర్ వైరుకూ ఎర్తుకూ మధ్య ఓములు కొలవండి. చాలా బండ్లలో 100 నుంచి 300 ఓముల మధ్య వస్తుంది. అనంతం చూపిస్తే తెగినట్టు, సున్నా చూపిస్తే లోపల అంటుకుపోయినట్టు. కానీ ఆ అంకె చూడగానే కాయిలు పోయిందని తీర్పు చెప్పవద్దు. ఇంజను దగ్గర, మేగ్నెట్ మూత నుంచి బయటికి వచ్చే కప్లరు వద్ద ఇంకోసారి కొలవండి. అక్కడ మంచి అంకె వచ్చి ఇక్కడ రాకపోతే కాయిలు బాగుంది, మధ్యలో వైరు తెగింది. రెండు చోట్లా రాకపోతేనే మూత విప్పే మాట. ఓములు సరిగా ఉన్నప్పుడు, మీటరును ఏసీ వోల్టుల దగ్గర పెట్టి సెల్ఫ్ కొడితే కొద్దిపాటి వోల్టేజి కదలాలి. చిన్న అంకె అయినా ఫరవాలేదు, అసలు కదలకపోతే అనుమానించాలి. మూత విప్పడమే జరిగితే, పల్సర్ ముఖానికి తుప్పు, ఇనుప రజను అంటుకుని ఉందేమో చూసి తుడవమనండి. ఏసీ రకంలో సీడీఐకి కరెంటు ఇచ్చే చుట్టను కూడా ఇదే విధంగా కొలవాలి, అక్కడ సాధారణంగా కొన్ని వందల ఓములు వస్తాయి.

హెచ్‌టీ కాయిలు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సీడీఐ బండ్లలో దాని సన్న వైరు వైపు ఓము లోపే ఉంటుంది. చవక మీటర్ల తీగలే అర ఓము దాకా చూపిస్తాయి గనుక ముందు రెండు పిన్నులనూ ఒకదానికొకటి ఆనించి వచ్చిన అంకెను తీసివేసి లెక్క చూడండి. క్యాపు తీసేసి లావు వైరు వైపు కొలిస్తే కొన్ని వేల ఓములు రావాలి. ఓములు బాగున్నా కాయిలు పైన వెంట్రుక వాసి పగులు ఉంటే, వాన రోజున నిప్పు అక్కడి నుంచే చట్రంలోకి దూకిపోతుంది. చీకట్లో చూస్తే నీలి గీతలా కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే అదే రకం బండి ఉన్న స్నేహితుడి కాయిలును పది నిమిషాలు అరువు తెచ్చుకోండి.

చివరికి సీడీఐ. దీనిని మీటరుతో కొలిచి బాగుందనీ బాగాలేదనీ తేల్చడం వీలు కాదు. దానిలోకి రావలసినవన్నీ వస్తున్నాయి, బయటికి పోవలసినది మాత్రం పోవడం లేదు అని తేలాకనే దానిని మార్చాలి. మీ విషయంలో ఈ వరుస తలకిందులైంది. కొత్త సీడీఐతో కూడా నిప్పు రాలేదంటే మీ పాత సీడీఐ నిక్షేపంగా ఉండే అవకాశమే ఎక్కువ, కాబట్టి దానిని అడిగి వెనక్కు తెచ్చుకోండి. ఇంకొక సంగతి: ఏసీ రకానికీ డీసీ రకానికీ కప్లరు ఒకే తీరుగా ఉండవచ్చు, కానీ లోపలి పని వేరు. కొత్తది మీ బండి మోడల్‌కు చెందినదేనా అని దాని మీది నంబరును పాతదానితో పోల్చి చూడండి. నంబరు కలవకపోతే ముందు పాతదే తిరిగి వేసి ఈ పరీక్షలన్నీ చేయండి.

మీ బండి చరిత్రను బట్టి, నా పందెం కప్లర్ల మీదా ఎర్తు మీదా. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. మీ గుంటల నీటిలో ఎంత ఉంటుందో రోజూ కొలిచే మీకు నేను చెప్పనక్కరలేదు. ఏరియేటర్లు ఎగజిమ్మే తుంపరా, సముద్రం మీది నుంచి వచ్చే గాలీ ఆ ఉప్పును కప్లరు పిన్నుల దాకా మోసుకువస్తాయి. అది ఒకసారి ఎండినా పోదు, రాత్రి మంచుకు మళ్లీ తేమ పీల్చుకుని పిన్నుకూ పిన్నుకూ మధ్య దారి వేస్తుంది. షెడ్లలో కప్లర్లను పెట్రోలుతో కడుగుతారు. పెట్రోలులో నూనె కరుగుతుంది, ఉప్పు కరగదు. కనుక ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి, పెట్రోలు బంకుల్లో అమ్మే బ్యాటరీ నీళ్లలో (డిస్టిల్డ్ వాటరు, యాసిడ్ కాదు) పళ్ల బ్రష్షు ముంచి ప్రతి కప్లరునూ రెండు వైపులా రుద్దండి; పచ్చగానో తెల్లగానో పొడి రాలడం ఆగేవరకు రుద్దాలి. తరువాత కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఒక పూట ఎండలో ఆరనివ్వండి. వదులైన ఆడ పిన్నులను సూదితో కొద్దిగా దగ్గరికి నొక్కి, కప్లరు లోపల సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగించండి. నేనైతే పైన చెప్పిన కొలతలకంటే ముందు ఈ పనే చేస్తాను, ఖర్చు పెద్దగా ఉండదు. ఇకపై గట్టు మీద ఉంచినప్పుడు పట్టా కప్పండి, కానీ పట్టాను నేల దాకా దించి గాలి ఆడకుండా చేయవద్దు. లోపల పట్టిన తేమ వాన కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఈ జవాబు చదివే ఇతరుల కోసం ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు, నిప్పునూ పెట్రోలునూ ఒకే కంప్యూటరు పెట్టె నడిపిస్తుంది. వాటిలో సైడ్ స్టాండు స్విచ్చు, బండి పడిపోతే ఇంజను ఆపే సెన్సారు వంటివి కూడా ఉంటాయి. క్యాపు, ఎర్తు, కప్లర్ల వరకు పైన రాసినది వాటికీ వర్తిస్తుంది. ఆ పెట్టె దగ్గరికి మాత్రం బల్బు తీసుకుని వెళ్లవద్దు.

బండి స్టార్ట్ అయ్యాక ఒక్క కొలత మిగిలి ఉంటుంది. ఇంజను కాస్త రైజు చేసి బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి: పదమూడున్నరకూ పద్నాలుగున్నరకూ మధ్య ఉంటే చార్జింగు చుట్టలు బాగున్నాయి, మూడు వేల మాట అక్కడితో ముగిసింది. పన్నెండు దగ్గరే ఆగిపోతే మీ మెకానిక్ చెప్పినదాంట్లో కొంత నిజం ఉండవచ్చు. పదిహేను దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయినట్టు, దానిని మార్చకుండా తిరిగితే ఈసారి సీడీఐ నిజంగానే కాలిపోతుంది. వీటన్నిటి తరువాత కూడా నిప్పు రాకపోతే, సీడీఐ కప్లరు దగ్గర బల్బు రెండు చోట్లా ఎలా వెలిగిందీ, సెల్ఫ్ నొక్కినప్పుడు ఎన్ని వోల్టులు వచ్చిందీ, పల్సర్ ఎన్ని ఓములు చూపించిందీ రాసి, బండి మోడలు పేరుతో సహా మళ్లీ ఉత్తరం వేయండి.